ఎర్ర దారం కట్టిన కొమ్మ

తీర్మానం చదివి వినిపించడానికి మెజియాన్ మాస్టారు వచ్చేసరికి ఫెరూజా గుమ్మం ముందు చతికిలబడి తుంగపోచలు నీళ్ళలో నానబెడుతోంది. ఏటా జూన్ మొదట్లో ఆమె చేసే పనే అది. నానిన పోచ కాయ గుచ్చుతున్నప్పుడు తెగదు.

"రండి మాస్టారూ, మజ్జిగ తాగుదురుగాని."

"వద్దమ్మా, ఇప్పుడే తాగొచ్చా."

మాస్టారు కూర్చోలేదు. ఆయన చంకలో తజ్మాత్ రిజిస్టరుంది. శుక్రవారం నమాజయ్యాక ఊరి మగవాళ్ళు రాతి బెంచీల మీద చేరి పెట్టుకునే సభ అది. అక్కడ ఎవరేం మాట్లాడినా రాసేది మాస్టారే, ఇంటింటికీ మోసేదీ ఆయనే. మజ్జిగ వద్దన్నాడంటే తెచ్చింది మంచి కబురు కాదని ఫెరూజాకి తెలిసిపోయింది.

"చదవండి మరి. ఎండకి ఆ రిజిస్టరు కాగిపోతోంది."

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "లోయలో ఉన్న పోతు అంజూరం చెట్లు ఊరుమ్మడి సొత్తు. ఈ ఏడాది నుంచి ఊరి మగవాళ్ళే ఆ కాయలు కోసి ఇంటింటికీ సమానంగా పంచుతారు. కొమ్మకి ఎర్ర దారం కట్టే పద్ధతి రద్దు. కట్టిన ఇంటికి జరిమానా." ఒక్క గుక్కలో చదివేసి రిజిస్టరు మూశాడు.

ఫెరూజా చేతులు నీళ్ళలోనే ఉండిపోయాయి.

మా ఊళ్ళో అంజూరం చెట్టు లేని ఇల్లు లేదు, ఒక్క ఫెరూజా ఇల్లు తప్ప. ఆ చెట్లన్నీ ఆడచెట్లే. పోతుచెట్లు తోటల్లో ఉండవు, కింద లోయలో రాళ్ళ సందుల్లో వాటంతటవే మొలుస్తాయి. వాటి కాయ మనిషి తినేది కాదు, నమిలితే బెండు. దాని విలువంతా లోపలుండే నల్ల నుసుముల్లో ఉంది. ఆ కాయల్ని మాల గుచ్చి ఆడచెట్టు కొమ్మకి వేలాడదీస్తే నుసుములు ఒళ్ళంతా పుప్పొడి పూసుకుని బయటికొచ్చి ఆడకాయల్లో దూరతాయి. నుసుము దూరిన కాయ నిలుస్తుంది. దూరనిది పసుపెక్కి రాలిపోతుంది. మొగుడు అక్లి పోయిన పద్నాలుగేళ్ళుగా లోయలోకి దిగి ఆ కాయలు తెస్తున్నది ఫెరూజా ఒక్కతే. ఆమె మాల కట్టిన ప్రతి ఇల్లూ తన చెట్లలో ఒక కొమ్మకి ఎర్ర దారం కట్టాలి. ఆగస్టులో ఆ కొమ్మ మీద పండినదంతా ఆమెది. ఎండబెట్టుకుంటుంది, జాడీల్లో కుక్కుకుంటుంది, రొట్టెలోకి తింటుంది, మిగిలింది సంతలో అమ్మి నూనె కొనుక్కుంటుంది. పళ్ళు దిగాక దారం విప్పేస్తారు. మళ్ళీ ఏడు మళ్ళీ కట్టాలి.

"ఇది అమొక్రాన్ బావగారి ఆలోచనేనా?" అంది ఫెరూజా.

"సభంతా కలిసి..."

"సభకి వేరే నోరెక్కడిది మాస్టారూ? ఆయన నోరే గదా. ఏమన్నాడు, ఉన్నదున్నట్టు చెప్పండి. నాకేం జ్వరం రాదులెండి."

మాస్టారు అటూ ఇటూ చూశాడు. "చెట్టు దేవుడు మొలిపించాడు, నుసుముని దేవుడు పుట్టించాడు, మధ్యలో ఆవిడ చేసిందేంటి, కోసింది. కోసినదానికి కొమ్మ రాసిస్తామా అన్నాడు. ఎనభై రెండిళ్ళు, ఎనభై రెండు కొమ్మలు. ఊళ్ళో అందరికంటే పెద్ద తోట ఫెరూజాదే అన్నాడు. అందరూ నవ్వారు."

"మీరూ నవ్వారా?"

"నేను రాస్తున్నానమ్మా."

ఆమె పోచల్ని నీళ్ళలోంచి తీసి, నీరు పిండి, మడిచి, గుమ్మం పక్కన నీడలో పెట్టింది. పారేయలేదు. "సరే, వెళ్ళిరండి. ఎండెక్కుతోంది."

ఆయన మలుపు తిరిగేదాకా ధీమాగానే కూర్చుంది. ఆ తరవాత ఒళ్ళు మండిపోయింది. పద్నాలుగేళ్ళు! మోకాళ్ళ మీద మచ్చలన్నీ ఆ లోయవే. కోసింది, అంతే అంటాడా? అమొక్రాన్ కరెంటు పని చేసిన రోజుల్లో ఊరందరి ఇళ్ళకీ తీగలు లాగాడు. కరెంటు కూడా దేవుడిదేగా, తీగ బిగించినందుకు డబ్బులెందుకు తీసుకున్నట్టు? ఈ మాట అప్పుడే తట్టుంటే మాస్టారి చేత రాయించి పంపేది.

మర్నాడు మగవాళ్ళు లోయలోకి దిగారు. ఎప్పుడనుకున్నారు? తొమ్మిదింటికి. కాఫీలు తాగి, సిగరెట్లు కాల్చుకుని, రెండు నిచ్చెనలూ ఒక రంపమూ భుజానేసుకుని, పెళ్ళికి తరలివెళ్ళినట్టు వెళ్ళారు. వెనక చెక్కలు కట్టిన పాత పికప్పు బండిని వంతెన దగ్గర ఆపుకున్నారు. ఫెరూజా ఇంటి గుమ్మంలోంచి ఆ దారంతా కనబడుతుంది. తొమ్మిదింటికి సూర్యుడు లోయ అడుగుదాకా దిగిపోతాడు. పోతుకాయ కన్ను వెచ్చబడితే విచ్చుకుంటుంది. తెల్లవారకముందే కోసి, తడిగుడ్డ కప్పి, చెట్టుకి చేర్చేదాకా దాన్ని నిద్రపుచ్చి ఉంచాలి. ఈ సంగతి వాళ్ళెవరికీ తెలియదు. తెలుసుకుందామని ఆమెను అడిగినవాడూ లేడు.

పన్నెండింటికి పదకొండు గోతాల కాయలు సభ ముంగిట్లో దిగాయి. ఇక్కడ మావాళ్ళ గొప్ప చెప్పుకోవాలి. పండక్కి ఊరుమ్మడిగా ఎడ్లు కోసి పంచినప్పుడు మా ఊళ్ళో ఒక్క ముక్క అటూ ఇటూ కాదు. కుప్పలు పోస్తారు, తూస్తారు, చీట్లు తీస్తారు, పేరు పిలుస్తారు. గొడవ అనేదే ఉండదు. పక్కూళ్ళవాళ్ళు మమ్మల్ని చూసి నేర్చుకోవాలని అంటుంటాం. ఆ పద్ధతినే కాయలకీ పెట్టారు. పరదా పరిచి, గోతాలు బోర్లించి, ఫెరూజా ఇంటితో కలిపి ఎనభై మూడు కుప్పలు పోశారు. లెక్క తప్పింది. కలిపేసి మళ్ళీ పోశారు. పెద్ద కాయలన్నీ ఒక కుప్పలో పడ్డాయని ఎవరో అన్నారు. మళ్ళీ సర్దారు. మాస్టారు చీట్లు రాయడం మొదలుపెట్టేసరికి రెండున్నర అయింది.

"కీర్తిశేషులు అక్లి గారిల్లు!"

మగదిక్కు లేని ఇల్లు కాబట్టి ఫెరూజాయే వెళ్ళాలి. ఆడవాళ్ళు సభ ముంగిట్లోకి మామూలుగా రారు. ఆమె ఓణీ అంచు నడుంలో దోపుకుని తిన్నగా నడిచివచ్చింది. అంజూరం చెట్టు లేని ఇంటికి కూడా ఒక కుప్ప! సమానమంటే సమానమే మరి. ఎవరో కిసుక్కుమన్నారు.

ముంగిలి మీద నల్లటి పొగలాంటిది తేలుతోంది. మగవాళ్ళు మెడలు చరుచుకుంటున్నారు, కళ్ళు నులుముకుంటున్నారు. అవి నుసుములు. ఊరి పంటంతా అలా గాల్లో తిరుగుతోంది.

అమొక్రాన్ బెంచీ మీద కూర్చుని జేబులోని కటింగ్ ప్లేయరు తీసి చేతిలో ఆడిస్తున్నాడు. పని మానేసి ఆరేళ్ళైనా అది జేబులోంచి పోలేదు. తస్బీ పూసలు తిప్పినట్టు తిప్పుతుంటాడు.

"బావగారూ," అంది ఫెరూజా, అందరికీ వినబడేలా. "ఎండలో పెట్టారేం? ఎగిరిపోతున్నాయి చూడండి. ఉన్న కాడికైనా ఇప్పుడే పరిగెత్తించి చెట్లకి కట్టించండి."

"ఈగలకి నువ్వు బెంగపడకు. ఇలాంటివి వేలున్నాయి," అన్నాడాయన. "నీ వాటా నువ్వు తీసుకెళ్ళు. తక్కువైతే చెప్పు, నా కుప్పలోంచి రెండేస్తా."

ఈసారి అందరూ నవ్వారు.

ఆమె కాయల్ని ఓణీలో పోసుకుని ఇంటికొచ్చింది. పక్కింటి దెహ్బియా ముసలమ్మ కర్ర పోటేసుకుంటూ వెనకాలే వచ్చింది. ఆమెకు ఎనభై దాటాయి, చెవులు బాగా పనిచేస్తాయి, నోరు ఇంకా బాగా పనిచేస్తుంది.

"ఏం పంచారే ఆ మొనగాళ్ళు?"

ఫెరూజా ఒక కాయ చీల్చి చూపించింది. లోపల పొడి, నాలుగు ఖాళీ తొడుగులు, రెక్క తడిసి చచ్చిన ఒక నుసుము. ఇంకోటి చీల్చింది, అదీ అంతే. మొత్తం ముప్ఫై ఒక్క కాయలూ చీల్చి మేక ముందు పోసింది. మేక వాసన చూసి మొహం తిప్పుకుంది.

"దానికున్న బుద్ధి కూడా లేకపోయింది," అంది దెహ్బియా. "మరి నువ్వు చెప్పలేదటే?"

"చెప్పానత్తా. ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పడం నాకలవాటు లేదు."

ఆదివారం పొద్దున్నే లోయలోకి దిగింది. దిగకుండా ఉండాల్సింది అనిపించింది. మొదటి మలుపులో ఉన్న జంటచెట్లకి కింది కొమ్మలు లేవు, రంపంతో కోసేశారు. నిచ్చెన వేయడానికి అడ్డొచ్చాయట. వాగొడ్డున వంగిన చెట్టుకి చీలిన కొమ్మ బెరడు పట్టుకుని వేలాడుతోంది, పాలు కారి రాయి మీద గట్టిపడింది. పద్నాలుగేళ్ళుగా ఆ కొమ్మని దోటితో మెల్లగా వంచి, కోసుకుని, మళ్ళీ మెల్లగా వదిలేది. ఒక్క చెట్టు మీద ఒక్క కాయ లేదు. ఫెరూజా రాతి మీద కూర్చుని ఏడ్చింది. కొమ్మ పోయినందుకు ఎంత ఏడ్చిందో, నవ్వులపాలైనందుకు అంత ఏడ్చింది. తరవాత లేచి, వేలాడే కొమ్మని కత్తితో నున్నగా కోసి, గాయానికి మట్టి మెత్తింది. వాగు నీళ్ళతో మొహం కడుక్కుని పైకి నడిచింది.

వంతెనకి ఎగువన లోయ ఇరుకవుతుంది. అక్కడినుంచి దారి లేదు, రాళ్ళు పట్టుకుని పాకాలి. ఇంకా పైన కొండ చీలినట్టున్న చోటుని చలిగుండం అంటారు. జుర్జురా కొండల మీద మంచు కరిగాక కూడా అక్కడ నెల్లాళ్ళుంటుంది. ఈ ఏడు ఏప్రిల్లో కూడా మంచు పడింది కాబట్టి మరీ ఆలస్యం. ఆ చీలికలో, ఎండ మొహం చూడని గోడకి వీపు ఆనించి, ఒక పోతుచెట్టుంది. కింది చెట్ల కంటే పది రోజులు వెనకబడి ఉంటుంది. దాన్ని అక్లి చూపించాడు, పెళ్ళైన మొదటి ఏడు. మామూలు ఏడాదుల్లో దాని కాయలు రెండో విడతకి వాడేది.

చెట్టు నిండా కాయలు! ఆకుపచ్చగా, గట్టిగా, కళ్ళు మూసుకుని.

ఆమె గబగబా కోయలేదు. ఒక కాయ నొక్కి చూసింది. చీల్చింది. లోపల నుసుములు పాలిపోయి, రెక్కలు విడక, గింజల్లా ముడుచుకుని ఉన్నాయి. అయిదు రోజులు. ఎండలు ముదిరితే నాలుగు. దిగి వచ్చేస్తూ దారిలో కొండవాలున మెట్లుమెట్లుగా ఉన్న అంజూరం తోటల మీద ఒక చూపు వేసింది. ఎగువ మెట్లలో ఆడకాయలు ఇంకా శనగగింజంత ఉన్నాయి. అవి ఆగుతాయి. దిగువ ఎండ గోడ పక్కన అమొక్రాన్ ముందుకోత చెట్లు తొమ్మిదీ మాత్రం ఆగవు. వాటికి కట్టిన మాలలు ఎండి వడియాల్లా గలగలమంటున్నాయి.

బుధవారం ఊట దగ్గర ఆడవాళ్ళెవరూ మామూలుగా మాట్లాడుకోవడం లేదు. ఫెరూజా డబ్బా పట్టుకుని వచ్చింది. అమొక్రాన్ భార్య షబ్హా ముందుకొచ్చి ఓణీ కొంగు విప్పింది. పసుపెక్కిన పిందెలు బోలెడు, మెత్తగా, ముడతలు పడి ఉన్నాయి.

"పొద్దుటి నుంచి ఇవి మూడోసారి ఏరడం," అంది. "చెట్టు కింద కాలు పెట్టే చోటు లేదు. ముందుకోత మొత్తం పోయినట్టే. మిగతావి కూడా ఇలాగేనా, ఫెరూజా?"

"నుసుము లేకపోతే అంతేనక్కా."

"నీ దగ్గరుందా?"

ఫెరూజా డబ్బా నిండేదాకా ఊట కింద పట్టుకుని నిలబడింది. అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయని తెలుసు. ఎన్నడూ లేనంత ధైర్యంగా ఉంది ఆమెకి. ఊళ్ళో ఎనభై రెండు రిజిస్టరు పేర్లకీ తెలియనిది తనకి తెలుసు.

"ఉంది. శుక్రవారానికి దిగుద్ది."

"అమ్మయ్య! మరి మాకు..."

"ఆగండాగండి. తజ్మాత్ తీర్మానం మీ అందరికీ తెలుసుగా? దారం కడితే జరిమానా. నేను తీర్మానం చెయ్యలేదు, విప్పనూలేను. నా పద్ధతి నాది. శుక్రవారం తెల్లారి మాలలతో ఊరంతా తిరుగుతా. దారం కనబడిన తోటలో కడతా, కనబడకపోతే దాటిపోతా. నోరు తెరిచి ఎవర్నీ అడగను. నన్నూ ఎవరూ అడగక్కర్లేదు."

"మా ఆయన కట్టనివ్వడే," అంది ఒకావిడ.

దెహ్బియా ముసలమ్మ కర్ర రాతి మీద టక్కున కొట్టింది. "మీ ఆయన సభకి పోయేటప్పుడు నిన్నడిగాడా? మరి చెట్టు దగ్గరికి పోయేటప్పుడు నువ్వాయన్నెందుకే అడుగుతావు?"

ఫకాలున నవ్వారందరూ. షబ్హా మాత్రం నవ్వలేదు. పిందెల్ని మళ్ళీ కొంగులో మూటగట్టుకుంది. "ఇవి ఆయనకి చూపించాలి," అంది.

గురువారం సాయంత్రం ఫెరూజా చలిగుండం చూసి తిరిగొస్తుంటే వంతెన మీద అమొక్రాన్ ఎదురయ్యాడు. కావాలనే ఎదురయ్యాడు. చేతిలో ప్లేయరు టిక్ టిక్ మంటోంది.

"ఎక్కడినుంచి?"

"గాలి పీల్చుకోవడానికి వెళ్ళాను బావగారూ. గాలి కూడా ఊరుమ్మడిదేనా? వాటా ఎంతొస్తుందో మాస్టార్ని అడుగుదామనుకుంటున్నా."

ఆయన మీసం కదిలింది. నవ్వొచ్చిందో కోపమొచ్చిందో తెలియలేదు. "రాత్రి మా ఆవిడ అన్నం పళ్ళెంలో రాలిన పిందెలు పోసి పెట్టింది," అన్నాడు.

"ఉప్పేసిందా?"

"ఫెరూజా!" గద్దించాడు గాని, గద్దింపులో పస లేదు. వాగు వైపు చూస్తూ ఉండిపోయాడు. రంపంతో కోసిన మోళ్ళు అక్కడినుంచి బాగా కనబడుతున్నాయి. మోడుకి మెత్తిన మట్టి కూడా కనబడుతోంది. "ఆ మట్టి ఎవరు పెట్టారు?"

"చెట్టు దేవుడిదిగా. ఆయనే పెట్టుకునుంటాడు."

ఆమె పక్కనుంచి దాటి పైకి వెళ్ళిపోయింది. ఆయన పిలవలేదు.

శుక్రవారం నడిరాత్రి దాటగానే వెన్నెల్లో లోయలోకి దిగింది. చేతులకి మోచేతుల దాకా ఆలివ్ నూనె రాసుకుంది. అంజూరం పాలు తగిలితే తోలు పొక్కుతుంది. వీపున రెండు బుట్టలు, భుజాన దోటి, నడుంలో పోచల కట్ట. చలిగుండంలో ఊపిరి పొగలా కనబడుతోంది. మొదటి కాయ చీల్చింది. లోపల నల్లగా, నిగనిగలాడుతూ, రెక్కలు విచ్చి, చలికి కదలకుండా ఉన్నాయి. సరిగ్గా ఇవాళే.

దోటి కొక్కేనికి కొమ్మ అందించి కిందికి దించుకుంది, పాదం కింద పెట్టి నొక్కింది, కాడతో సహా తుంచింది. మెత్తబడి కన్ను చుట్టూ ముడత పడినవే కోసింది. నున్నగా మెరిసేవి వదిలేసింది, అవి వచ్చే వారానికి. పై కొమ్మల కోసం గోడ సందులో వీపు పెట్టి, ఎదురు రాతికి కాళ్ళు తన్ని పైకి పాకింది. ఒకసారి రాయి జారి మోకాలు చెక్కుకుపోయింది. "ఇంకో మచ్చ, బావగారి లెక్కలో రాయాలి," అనుకుంది పైకే. బుట్టలు నిండాక రాతి మీద కూర్చుని మాలలు గుచ్చింది. పోచకి అయిదు కాయలు, కాడల్లోంచి గుచ్చాలి, పొట్టలోంచి కాదు. వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతుంటే కళ్ళు ఆకాశం వైపు ఉన్నాయి. గోడ అంచు గులాబీ రంగు తిరిగేలోపు నూట డెబ్భై మాలలు బుట్టల్లో చేరాయి. తడిగుడ్డ కప్పి బయల్దేరింది.

ఊరి మొదటి మెట్టెక్కేదాకా ధీమాగానే ఉంది. అక్కడ మాత్రం అడుగు ఆగింది. ఒక్కరూ కట్టకపోతే? ఒక్క దారమూ లేకపోతే ఈ రెండు బుట్టలూ ఏం చేస్తుంది, మేకకి వేస్తుందా? వెనక్కి మాత్రం తిరగకూడదు. దాటిపోతానన్నది తనే.

మొదటి చెట్టు దెహ్బియాది. దారం కనబడింది. దారం కూడా కాదు, ముసలమ్మ తన పెళ్ళినాటి ఓణీ ఎర్ర అంచు మూరెడు చించి కట్టింది, గుడ్డివాడికి కూడా కనబడేలా. ఫెరూజా మాల తగిలించి ముందుకి నడిచింది. రెండో తోటలో ఎర్ర ఉన్ని. మూడో తోటలో రెండు చెట్లకి. నాలుగోదాంట్లో దండెం మీది ఎర్ర క్లిప్పు. ఆడవాళ్ళెవరూ బయట లేరు. తలుపుల వెనక గుసగుసలు మాత్రం వినబడుతున్నాయి. అయిదో తోట, ఆరో తోట. ఎర్రగా, ఎర్రగా, మెట్టు మెట్టుకీ ఎర్రగా. ఆమెకి కళ్ళు మసకబారి ఒక కొమ్మని రెండు సార్లు తడమాల్సొచ్చింది.

మెజియాన్ మాస్టారు తన చెట్టు కిందే కుర్చీ వేసుకుని పాత పేపరు చదువుకుంటున్నాడు. నెత్తి మీదే ఎర్ర దారం ఊగుతోంది.

"నేను చూళ్ళేదమ్మా," అన్నాడు పేపరు దించకుండా. "చూస్తే రాయాలి. ఈ ఎడం పక్క కొమ్మకి ఇంకోటి కట్టు, పోయినేడు దానికి సరిగ్గా కాయలేదు."

"కళ్ళజోడు తలకిందులుగా పెట్టుకున్నారు మాస్టారూ."

"అందుకే చూళ్ళేదు."

ఎండ పై మెట్టుకి చేరేసరికి బుట్టలో పద్దెనిమిది మాలలు మిగిలాయి, ఒక్క తోట మిగిలింది. అమొక్రాన్ తోట. అరవై చెట్లు. ఫెరూజా గోడ దగ్గర ఆగి చూసింది. మొదటి వరస, రెండో వరస, గోడ మీదినుంచి దారి మీదికి వంగే ఆ సన్నటి కొమ్మ. పోయినేడు ఆయన ఆమెకిచ్చిన కొమ్మ అదే, సగం మేకలు తిన్నాయి. ఎక్కడా ఎరుపు లేదు.

షబ్హా గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. "చూడకు. నేను కట్టలేదు," అంది గట్టిగా, లోపలికి కూడా వినబడేలా. "దారం ఉండ దాచేశాను. కట్టాల్సినవాళ్ళే కడతారని."

ఫెరూజా తల ఊపింది. తడిగుడ్డ సర్దుకుంది. తగిలించిన మాలల్లోంచి నుసుములు అప్పటికే మేల్కొంటున్నాయి. ఈ పద్దెనిమిదింటికీ ఇంకో అరగంట కంటే లేదు. అయినా మాటంటే మాటే. అడుగు ముందుకేసింది.

"ఆగు."

అమొక్రాన్ ఇంటి వెనకనుంచి వచ్చాడు. చొక్కా గుండీలు సరిగా పెట్టుకోలేదు. ఒక చేతిలో ప్లేయరుంది, ఇంకో చేతిలో మూరెడు కరెంటు తీగ, ఎర్ర తొడుగుది. భార్య వైపు చూడలేదు, ఫెరూజా వైపూ చూడలేదు. తిన్నగా తోట నడిమికి నడిచి, అన్నిటికంటే పెద్ద చెట్టు కింద ఆగాడు. వాళ్ళ నాన్న నాటిన చెట్టది. దాని దక్షిణపు కొమ్మ నిచ్చెన వేస్తే గాని అందనంత బారుంటుంది, ఒక్క కొమ్మే రెండు బుట్టలు కాస్తుంది. దాని మొదట్లో తీగ చుట్టాడు. ప్లేయరుతో పట్టి మెలి తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. నలభై ఏళ్ళు తీగలు బిగించిన చేయి, ఒక్క మెలిక కూడా వంకర పోలేదు.

ఫెరూజా దగ్గరికొచ్చి చూసింది.

"దారమైతే పళ్ళయ్యాక విప్పేసుకుంటారు," అంది. "ఇదెలా విప్పుతారు బావగారూ?"

"విప్పడానికి కట్టలేదు."

ఆ మాట ఆయన చెట్టుతోనే అన్నాడు. మెడ ఎర్రబడింది. గుమ్మంలో షబ్హా కట్టుకున్న చేతులు వదిలేసింది.

ఫెరూజా వేలితో తీగ కింద తడిమి చూసింది. వేలు దూరలేదు.

"వదులు చెయ్యండి," అంది.

"ఏం?"

"రెండు మెలికలు వదులు చెయ్యండి. కొమ్మ లావెక్కుద్ది. ఇంత బిగిస్తే వచ్చే ఏడుకి కోసుకుపోద్ది."

ఆయన మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. ప్లేయరు తీసి, ఒక మెలిక విప్పాడు, రెండోదీ విప్పాడు. ఆమె వేలు పెట్టి చూసి, చాలంది. తడిగుడ్డ తీసి మొదటి మాల చేతికిచ్చింది.

"ఇది మీరే కట్టండి. ఎండ తగలని వైపు. కాయల్ని నొక్కకండి."